మేక కంటే ముందు ఆకు చూడు కోడలా

ఏమ్మే కోడలా, నిన్న పొద్దుగూకినప్పట్నించి మీ ఇంట్లో మేకల మాటే వినబడతాండాది. గోడ ఎంతెత్తు లేపితే మాత్రం మాట ఆగుతాదా? మీ ఆయన ఫోన్లో ఎవరిదో వీడియో పెట్టి, వంద మేకలు, ఏడాదికి ఇన్ని లక్షలు అని లెక్క చెప్తాంటే, ఇక్కడ చాటలో బియ్యం ఏరుకుంటా నేను గుడక విన్నా. ఆ లెక్కలో మేక రేటుండాది, పిల్ల రేటుండాది, పెంటికల రేటు గుడక ఉండాది. మేక తినేది ఏందనేది మాత్రం యాడా రాలేదు.

"నువ్వే చెప్పత్తా, ఎట్లాంటి మేక కొనల్ల?" అని అడిగినావు కాబట్టి చెప్తా. పొయ్యి మీద పాలేమన్నా పెట్టుంటే దించి రా. ఇది రెండు మాటల్లో తెగేది కాదు.

ఎట్లాంటి మేక అనేది తర్వాత. మన క్యాతగానచెర్లులో మేక యాడ మేయల్ల అనేది ముందు. నువ్వు ఈ ఊరికి కోడలై వచ్చేసరికే చుట్టూ అద్దాలు పరిచేసినారు. అంతకు ముందు చూడల్ల నువ్వు. 2018 మార్చి 1న మన కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య వచ్చి తిరుమణి దగ్గర ఈ సోలార్ పార్కు ప్రారంభం చేసిపోయినాడు, శక్తిస్థల అని పేరు పెట్టినారు. తిరుమణి, బళసముద్రం, వళ్లూరు, రాయచెర్లు, మన ఊరు, ఐదూర్ల నేల కలిపి 13,000 ఎకరాలు. 2019 ఆఖరుకంతా 2,050 మెగావాట్లూ పూర్తయినాయి. నేలున్నోళ్లకు మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 కౌలు, రెండేళ్లకొకతూరి నూటికి ఐదు పెంపు. వానొచ్చినా రాకపోయినా దుడ్డు వస్తాది. చెనిక్కాయ విత్తి మొగులు దిక్కు చూసి చూసి కండ్లు కాయలు కాసిన సీమలో అది తక్కువ మాటని నేను అనను. మీ మామ గుడక ఆ కౌలుతోనే గదా ఈ మిద్దె వేసింది.

అయితే మేకకు కౌలు రాదు. నేల లేనోనికీ రాదు. ఎవరి పేరున ఉన్నా సరే, పైరు కోసిన చేను, బీడు, గట్టు, వంక, ఇవన్నీ మేపుకునేటోనికి అప్పట్లో సొంతం కిందే లెక్క. కంచె పడినాక ఆ దావలు మూసుకపోయినాయి. మందలు అమ్ముకున్నోళ్లు అమ్ముకున్నారు, ఉన్నోళ్లు దూరం పోయి మేపుకొస్తాండారు. మా ఇంటాయన ఇప్పటికీ ఆ కంచె పక్కన నడుస్తా "ఈడ రేగుపొదలుండె, ఈడ బలుసు ఉండె" అని వేలు పెట్టి చూపిస్తాడు. నాకు చూసి చూసి అలవాటైపోయినాది, ఆయనకు కాలేదు.

ఏమంటివి? ప్యానెళ్ల కింద గడ్డి మొలుస్తాది గదా, ఆడ మేపితే ఏమా? మంచి ప్రశ్నే అడిగినావు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో అట్లనే మేపుతారంట. గడ్డి కోసే మిషన్ బదులు మంద తోలించి, మందగలోనికే కూలిచ్చేవాళ్లు గుడక ఉండారంట. కాకపోతే ఆడ మేపేది గొర్రెల్ని. గొర్రె తల దించుకోని గడ్డి కొరుక్కుంటా పోతాది. మేకనైతే ఆడా దగ్గరికి రానీరు. అద్దమెక్కి నిలబడతాది, వైరు కనబడితే నమిలి చూస్తాది. అమెరికా మేక అయితే మాత్రం బుద్ధి మారుతాదా?

కాబట్టి మన లెక్క పెరట్లోంచి మొదలుపెట్టల్ల. గొర్రె గడ్డి మేసేది, మేక ఆకు మేసేది. తల ఎత్తి, ముందరి కాళ్లు కొమ్మ మీద పెట్టి, పై పెదవితో ముల్లును తప్పించి చిగురు మాత్రం ఏరుకుంటాది. ముప్పై కిలోల తూకముండే పెద్ద మేక దినామూ మూడు నాలుగు కిలోల పచ్చాకు, దాంతో పాటు అరకిలో దాకా ఎండు మేత తింటాది. రెండు మేకలంటే ఏడు కిలోల ఆకు అనుకో. ఈ పొద్దు పండగ, రేపు పెళ్లి, ఎల్లుండి నీకు జొరం అంటే దానికి పట్టదు. పొద్దు రెండు బారలెక్కేసరికి ఆకు ముందర ఉండల్ల, లేదంటే ఊరంతా వినబడేట్టు అరుస్తాది. వానాకాలంలో ఏడు కిలోలు ఎవరైనా తెస్తారు. ఏప్రిల్, మే నెలల్లో తేవల్ల గదా, అప్పుడు తెలుస్తాది దోటి పట్టుకోని ఎవరి వేపచెట్టు కింద నిలబడల్లో.

నీ పెరట్లో ఏముండాదో లెక్క వేద్దాం. ఒక వేప, ఒక చింత, మూల ఒక మునగ. మునగాకు మేకకు ప్రాణం, కానీ నువ్వు పప్పులోకి కోసుకునేది గుడక అదే. రోడ్డు దిక్కు మర్రి ఉండాది, అది ఊరందరిదీ. వంకలో సర్కారు కంప కావలసినంత ఉండాది. దాని ఆకు మేక పెద్దగా ముట్టదు గానీ కాయ పండి రాలితే ఏరుకోని తింటాది, తియ్యగా ఉంటాది. అదొక్కటే కడుపునిండా పెట్టకూడదు, వేరే మేతతో కలిపి పెట్టల్ల. ఎండు మేతకు చెనిక్కాయ కట్టె కంటే మంచిది మన దిక్కు లేదు. కట్టె ఉన్నోళ్లు నాగలమడికె దిక్కు ఇంకా ఉండారు, కోత అయిన వెంటనే బేరం చేస్తే చౌక. వాన తగలకుండా వామి వేసుకోవల్ల. బూజు పట్టిన కట్టె పెట్టినావంటే, ముఖ్యంగా చూడి మేకకు, అది చేసే చెరుపు ఇంతింత కాదు.

పెట్టకూడనివి గుడక చెప్తా, విను. గన్నేరు. మీ వాకిట్లో ఎర్రగన్నేరు ఎంత అందంగా ఉండాదో అంత విషం. మేక వచ్చే ముందర దాన్ని తీసేయల్ల. ఆముదం ఆకు వద్దు. వాన లేక వాడిపోయిన లేత జొన్న, కోసిన మోడు మీద వచ్చిన పిలకలు, వాటి దిక్కే పోనీయొద్దు. మేసిన గడియలోనే పడిపోతాయి. ఇంగ అన్నిటికంటే ఎక్కువ మేకల్ని చంపేది మనం ప్రేమతో పెట్టే అన్నం. పెళ్లింట్లో అన్నం మిగిలినాది, రాగిపిండి మిగిలినాది, పాపం నోరులేని జీవం అని గంపలతో తెచ్చి పోస్తారు. తెల్లారేసరికి కడుపుబ్బి పడుకోనుంటాది. పొట్టలో పులిసిపోతాది అదంతా. దాణా పెట్టాలనుకుంటే పావుకిలో లోపల పెట్టు, అది గుడక కొద్దికొద్దిగా అలవాటు చేసి పెట్టు.

జాతి మాటకొద్దాం. మీ ఆయన జమునాపారి అంటాండాడు. పెద్ద చెవులు, చిలక ముక్కు, చూడను బాగుంటాది, నేను కాదనను. అది యమున, చంబల్ నదుల దగ్గర ఇటావా దిక్కు మేక. ఆడ దానికి కావలసినంత పొదలుంటాయి, వంగి మేసే అలవాటు దానికి తక్కువ. బోయర్ అంటే దక్షిణాఫ్రికాది, మాంసానికి పెంచిన జాతి, మేత బాగా అడుగుతాది. తలచేరి మేక కేరళలో తడి సీమది. సిరోహి రాజస్థాన్‌ది, ఎండకు తట్టుకుంటాది, దాన్ని కొంత ఒప్పుకుంటా. ఉస్మానాబాది నల్లగా ఉంటాది, మహారాష్ట్ర నుంచి మన ఉత్తర కర్ణాటక, తెలంగాణ దాకా ఉండాది, ఒక్కో ఈతకు రెండేసి పిల్లలు వేసే గుణం దానికుండాది. కానీ మొదటితూరి సాకేదానివి, నీకు ఇవేవీ వద్దు. మన దిక్కు తెల్లగా, కొంచెం పొడుగ్గా ఉండే మేక ఉండాదే, దాన్ని నందిదుర్గ మేక అని కర్నాల్‌లోని జాతీయ సంస్థ వాళ్లు జాతిగా నమోదు చేసినారు. బీదర్ దిక్కు బీదరి మేక గుడక అట్లనే నమోదైనాది. మన ఎండ, మన నీళ్లు, మన కంప, అన్నీ దాని అవ్వతాతల కాలం నుంచి అలవాటు. చచ్చేదాకా మందులతో సాకే మేక కంటే, ఒళ్లు చిన్నదైనా నిలబడే మేక మేలు.

సంతలో కొనొద్దు. సంతకు పోయి చూడు, చూసి నేర్చుకో, బేరాలు విను. కొనేది మాత్రం ఇంటి దగ్గర. సంతకు వచ్చే మేకను తెల్లారుజామునే ఉప్పు కలిపిన తవుడు మేపి, దప్పికకు నీళ్లు తాగించి తోలుకొస్తారు. పొట్ట బాన మాదిరి కనబడతాది, మూడు దినాలకు లోపలికి పోతాది. పొద్దున పాలు పితక్కుండా తెచ్చి పొదుగు నిండుగా చూపిస్తారు. పైగా పది ఊర్ల మేకలు ఒకచోట చేరతాయి గదా, వాటితో పాటు పది ఊర్ల రోగాలు గుడక చేరతాయి. సాకినాయన ఇంటికి, సాయంత్రం మంద ఇంటికొచ్చే వేళకు పో. మందలో ఏది ముందర నడుస్తాంది, ఏది వెనకబడతాంది చూడు. దాని తల్లి ఉంటే చూడు, పిల్లలుంటే చూడు. ఒకే పిల్లనా, జంట పిల్లలా, పిల్లలు నిలిచినాయా అని అడుగు. ఎందుకు అమ్ముతాండావన్నా అని అడుగు. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన ముఖం ఎట్ల మారుతాదో చూడు.

ఇంగ చెయ్యి పెట్టి చూసేది. నోరు తెరువు. మేకకు పైదవడ ముందర పళ్లుండవు, కిందనే ఎనిమిది. పాలపళ్లు సన్నగా ఉంటాయి. ఏడాది దాటిన కొన్నాళ్లకు నడిమివి రెండూ ఊడి వెడల్పాటివి వస్తాయి, దాన్నే రెండు పళ్ల మేక అంటాం. ఒకటిన్నర, రెండేళ్లకు నాలుగు పళ్లు. మూడేళ్ల దగ్గర ఆరు. నాలుగేళ్లకు ఎనిమిదీ వచ్చి నోరు కలుస్తాది. నీకు కావలసింది రెండు పళ్లది, లేదంటే నాలుగు పళ్లది, ఒక ఈత ఈని పిల్లను సాకిన మేక. మొదటి కాన్పు చూడని మరకను కొంటే దానికీ కొత్తే, నీకూ కొత్తే, ఇద్దరూ కలిసి బెదిరిపోతారు.

తర్వాత కంటి కింది రెప్పను బొటనవేలితో మెల్లగా కిందికి లాగు. లోపల ఎర్రగా ఉంటే మంచిది. తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో నట్టలు రక్తం తాగుతాండాయని అర్థం. అట్లనే దవడ కింద వేలితో ఒత్తు. మెత్తగా నీరు చేరినట్టుంటే, అదీ నట్టల పనే, ముదిరిపోయినాది. తోక ఎత్తు. పెంటికలు విడివిడిగా గట్టిగా ఉండల్ల, తొడలకు అంటుకోని ఉంటే వద్దను. ముక్కులో చీమిడి, కండ్లలో పుసి, రెండూ ఉండకూడదు. పొదుగు పట్టుకోని రెండు చన్నులూ చెరి రెండు ధారలు పిండి చూడు. ఒకటి గట్టిగా గడ్డకట్టి ఉంటే రేపు జంట పిల్లలు పుడితే ఒకదానికి నువ్వు సీసా పట్టుకోని కూర్చోవల్ల. గిట్టలు వాసన చూడు. ముక్కు మూసుకోవద్దు, కుళ్లిన వాసన వస్తే తెలిసిపోతాది. ఆఖరుకు కొంచెం సేపు ఊరికే నిలబడి చూడు. నెమరేస్తా నిలబడిన మేక బాగుండే మేక.

ఎన్ని కొనల్ల అంటావా? రెండు. ఒకటి తెచ్చుకుంటే పొద్దస్తమానం అరుస్తాది, మంద జీవం అది, ఒంటరిగా ఉండలేదు. మూడు తెచ్చుకునేంత ఆకు నీకు లేదు. పోతు అక్కరలేదు. ఇరవై, ఇరవై ఐదు ఆడ మేకలకు ఒక పోతు చాలు, నీ రెంటికి దాన్ని ఎందుకు మేపల్ల? వాసన గుడక భరించలేవు. మేకపోతు గాంభీర్యం చూసి సంబరపడి కొన్నోళ్లను శానామందిని చూసినా. ఆడది ఎదకొచ్చినప్పుడు, అంటే తోక ఊపుతా, మేత మాని అరుస్తాంటే, ఆ దినమో మర్నాడో మంచి పోతున్న ఇంటికి తోలుకపో. ఆ తూరి తప్పితే మళ్లీ మూడు వారాలకు వస్తాది. చూలు ఐదు నెలలు. జ్యేష్ఠంలో దాటిస్తే కార్తీకంలో ఈనుతాది, అప్పటికి వానలు పడి ఆకు ఉంటాది, తల్లికి పాలు దిగుతాయి. మాఘంలో దాటిస్తే ఆషాఢంలో ఈనుతాది. ఎండంతా చూలుతో ఆకు లేక ఎండిపోయి, వాన జల్లులో పిల్లను వేస్తాది. పుట్టిన మగపిల్లల్ని మూడు నెలలకే వేరుగా కట్టెయ్యి, లేదంటే తల్లి మీదికే పోతాయి. తర్వాత పుట్టేవి వంకరటింకర. సాకి అమ్మేటివైతే పశు ఆస్పత్రిలో వట్ట నొక్కించు.

దొడ్డి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పెద్ద మేకకు పది పన్నెండు చదరపు అడుగులు, కింద తడి లేకుండా, గాలి ఆడేట్టు. చలి ఓర్చుకుంటాది, ఎండ ఓర్చుకుంటాది, తడి నేల మాత్రం ఓర్చుకోలేదు. మీ పాత పశువుల కొట్టం చాలు, నేల కొంచెం ఎత్తు చేసి గరుసు కొట్టించు. రాత్రికి తలుపు గట్టిగా ఉండల్ల, కుక్కల కోసం. గుట్ట దిక్కు చిరుత సంగతి నీకు తెలిసిందే. ఆకును కింద పారెయ్యొద్దు, మేక తొక్కిన ఆకు మేక తినదు. మోపు కట్టి దాని తల ఎత్తుకు వేలాడగట్టు. కట్టేసి సాకే మేకకు గిట్టలు అరగవు, రెండు మూడు నెలలకొకతూరి చివర్లు కత్తిరించల్ల. మా ఇంటాయన చేసిస్తాడులే, కత్తి మాత్రం నువ్వు పట్టొద్దు.

ఈనే వేళకు పిలువు, నేను గోడ దూకైనా వస్తా. పొదుగు నిండి, తోకకు రెండు పక్కలా గుంటలు పడినాయంటే ఇంగ దగ్గరపడిందని. దాని పని అది చేసుకుంటాది, నువ్వు లాగొద్దు, పీకొద్దు. నీళ్లు పడి గంట అయినా పిల్ల రాకపోతే అప్పుడు డాక్టరు. పిల్ల పడినాక ముక్కు, నోరు తుడుచు, తల్లిని నాకనియ్యి, బొడ్డుకు అయోడిన్ పెట్టు. ఇంగ అర్ధగంటలోపల జున్నుపాలు దాని నోట్లో పడల్ల. మన ఊర్లో ముసలోళ్లు మాయ పడేదాకా పిల్లకు పాలియ్యకూడదంటారు. వాళ్ల మాట అన్నిట్లో వింటా గానీ దీంట్లో వినను. రెండు కిలోల పిల్లకు మొదటి దినం 200 మిల్లీలీటర్ల దాకా ఆ పాలు పోవల్ల. రోగాన్ని ఆపే శక్తి దానికి తల్లి కడుపులో రాదు, ఆ పాలలోనే వస్తాది. దినం గడిచినాక తాగితే ఒంటికి పట్టేది తక్కువ. పిల్ల తాగి మిగిలితేనే మనకు జున్ను, అది గుర్తుపెట్టుకో. మాయ అర్ధదినం దాకా చూడు, చేత్తో లాగొద్దు. ఎప్పుడైనా నెలలు నిండకుండా పిల్ల పడితే మాత్రం వట్టి చేతుల్తో ముట్టొద్దు, లోతుగా గుంత తీసి పూడ్చు, డాక్టరుకు చెప్పు. ఆ రోగాల్లో మనుషులకు అంటేవి ఉండాయి. మేకపాలు ఎప్పుడైనా కాచే తాగల్ల, పచ్చివి బలమని ఎవరన్నా చెప్పినా సరే.

మాపటేళ గంప కింద పిల్లల్ని మూసి పెడతాం చూడు, అది చలికి, కుక్కలకు మంచిదే. కానీ ఆ గంప కింది నేలలో దినామూ బూడిద చల్లి ఊడవల్ల. తడి పేడలో పడుకున్న పిల్ల నెల తిరక్కుండానే పారుకోని పోతాది.

రోగాల్లో నువ్వు భయపడల్సింది రెంటికి. ఒకటి పారుడు రోగం, ఆస్పత్రిలో పీపీఆర్ అంటారు. జొరం, నోరు పుండ్లు, ముక్కు కారేది, తర్వాత పారేది. మందలో ఒకదానికి వస్తే ఇంగ వరుసగా. 1987లో తమిళనాడులో విల్లుపురం దిక్కు అరసూరులో మన దేశంలో మొదట కనిపెట్టినారు దాన్ని, ఆ తర్వాత దేశమంతా పాకిపోయినాది. దానికి మంచి టీకా ఉండాది. పిల్లకు మూడు నాలుగు నెలలు నిండినాక వేయిస్తే మూడేళ్లు కాపాడతాది. 2030 కల్లా ప్రపంచంలోనే లేకుండా చెయ్యాలని అందరూ అనుకుంటాండారు. మశూచిని లేకుండా చేసినోళ్లం, దీన్ని చెయ్యలేమా? రెండోది చిటుక రోగం. సాయంత్రం బాగా మేసి వచ్చిన మేక, అందులోనూ బాగా బలిసింది, తెల్లారేసరికి చచ్చి పడుంటాది. ఎవరో దిష్టి పెట్టినారని అంటారు. దిష్టి కాదు, తొలకరికి వచ్చిన లేత గడ్డి ఒక్కసారిగా మేసింది. వానలు మొదలయ్యే ముందరే ఏటేటా టీకా వేయించి, తొలి పచ్చికకు తోలే ముందు కొంచెం ఎండు కట్టె తినిపిస్తే ఆ భయం శానా తగ్గుతాది.

నట్టల మందు అంగడికి పోయి అడిగి తాగించొద్దు. నాలుగు పెంటికలు చిన్న డబ్బాలో వేసుకోని పశు ఆస్పత్రికి తీసుకపో, పరీక్ష చేసి ఏ మందో వాళ్లే చెప్తారు. చూడి మేక అయితే ఆ మాట ముందే చెప్పల్ల, కొన్ని మందులు చూలుకు పడవు. కదల్లేని స్థితి వస్తే 1962కు ఫోన్ చెయ్యి, పశువుల అంబులెన్సు నంబరు అది, ఆంధ్రాలోనూ అదే నంబరు.

దుడ్డు మాట అడగడానికి మొగమాటపడతాండావు గానీ, అడుగు. లక్షలు రావు కోడలా. రెండు మేకలకు మేత బాగుంటే రెండేళ్లకు మూడు ఈతలు రావచ్చు, జంటలు పుట్టి నిలిస్తే మంచిదే. అయితే మొదటి ఏడాది నేర్చుకునేదానికే పోతాదనుకో. ఆడ పిల్లల్ని ఉంచుకో, మగవాటిని అమ్ము. దసరా, బక్రీదు, ఉగాది మరునాడు వర్షతొడకు, అప్పుడు ధర ఎత్తు మీద ఉంటాది. కంటి అంచనా మీద గుత్తకు ఇయ్యొద్దు, కాటా మీద పెట్టి తూకానికి అమ్ము. మాటల్లో దళారీని గెలవలేవు, కాటా మీదైతే వాడు గుడక నిన్ను గెలవలేడు. పెంటికలు అమ్మొద్దు. మునగ మొదట్లో, కూరగాయ మళ్లలో వేసుకో.

మీ ఆయన చెప్పే సబ్సిడీ మాట నిజమే. జాతీయ పశుసంపద పథకం కింద వంద ఆడ మేకలు, ఐదు పోతుల యూనిట్‌కు సగం, 10 లక్షల దాకా కేంద్రమిస్తాది. వంద మేకలకు దినామూ మూడున్నర కింటాళ్ల ఆకు. ఎవరి చేన్లోంచి తెస్తాడో ఆ మాట ముందు అడుగు, సబ్సిడీ మాట తర్వాత. నీటి వసతి, నాలుగెకరాల పచ్చిమేత ఉన్నోళ్లకు అది పనికొస్తాది. 2019 లెక్కల్లో దేశంలో 14.88 కోట్ల మేకలు, మన కర్ణాటకలోనే 61 లక్షల పైన ఉండాయి. వాటిలో శానా భాగం ఒకటి, రెండు, నాలుగు లెక్కన చిన్నిళ్లలో, నేల లేనోళ్ల ఇళ్లలో ఉండేవే. ఆడోళ్లే సాకినవి ఎక్కువ.

ఇంగ పని చెప్తా. నా దగ్గర సుబాబుల్ గింజలుండాయి, అవిశ గింజలుండాయి, చెరొక పిడికెడు గోడ మీద పెడతా. సుబాబుల్ గింజ గట్టిది, కాగిన నీళ్లు దించి కొంచెం ఆరినాక అందులో వేసి, రాత్రంతా నాననిచ్చి విత్తు. అవిశను బట్టలుతికిన నీళ్లు పారే దిక్కు వెయ్యి, దానికి తడి కావల్ల. సుబాబుల్ ఆకు మొత్తం మేతలో మూడోవంతుకు మించనీయొద్దు, ఎక్కువైతే మేకకు వెంట్రుకలు రాలతాయి. వాకిట్లో గన్నేరు పీకెయ్యి. చెనిక్కాయ కట్టెకు ఎవరితోనైనా ఇప్పుడే మాటాడిపెట్టుకో. ఈ వానలకు విత్తితే చెట్లు వచ్చే ఏటికి కోతకొస్తాయి. అవి నీ నడుమెత్తు దాటినాక, నన్ను తోడు తీసుకపోయి రెండు మేకలు కొను. అంతకు ముందు కొనొద్దు.